రెండో గురుతు

సంఘం వాళ్ళు పంపిన కాగితంలో ఐదు గడులున్నాయి. పేరు, స్వగ్రామం, దీవులకు వచ్చిన సంవత్సరం, విద్యారంగానికి చేసిన సేవ, ఫోటో. పోర్ట్ బ్లెయిర్ తెలుగువాళ్ళ పిల్లలకు చదువు దారి చూపిన పెద్దల మీద ప్రత్యేక సంచిక వేస్తున్నారట. ఏళ్ళ తరబడి లెక్కల టీచరుగా పనిచేస్తున్నాను కనుక నన్నూ ఒకరి గురించి రాయమన్నారు. ఎవరి గురించి రాస్తారో ముందు చెప్పమని సెక్రటరీ ఫోను చేశారు. చెప్పాను.



"మేడమ్, ఆవిడ చేపలమ్మేది కదండీ?"

"అవును."

"మిన్నీ బేలో, ఎప్పుడూ నోట్లో చుట్టతో..."

"ఆవిడే."

"చదువుకున్నావిడ కాదు కదా?"

"ఒక్క అక్షరం రాదు."

"మరి విద్యారంగానికి సేవ అంటే ఏం రాస్తారు? మీ స్కూలు పాత ప్రిన్సిపాల్ గారున్నారు, హెడ్మాస్టరు గారున్నారు. వాళ్ళవైతే మంచి ఫోటోలు కూడా దొరుకుతాయి. పోనీ, ఆవిడ గురించే రాస్తానంటే రాయండి. చుట్ట సంగతి మాత్రం తీసెయ్యండి. పిల్లలు చదివే సంచిక."

చుట్ట తీసేస్తే ఆవిడ ముఖంలో సగం పోతుంది. అంచేత చుట్టతోనే మొదలుపెడుతున్నాను.

నిప్పు ఉన్న కొసని నోటి లోపలికి పెట్టుకుని కాల్చేది. అడ్డపొగ అంటారు, మా శ్రీకాకుళం సముద్రపు ఒడ్డు ఆడవాళ్ళలో అదేమీ వింత కాదు. వింత ఏమిటంటే, నోట్లో నిప్పు పెట్టుకునే బేరమాడేది, తిట్టేది, నవ్వేది, బస్సు కండక్టరుతో తగవు పడేది. గంపని బస్సులో పెట్టనివ్వనని ఒక కండక్టరు అడ్డం నిలబడితే, "నీకు నా సేప కంపు, నాకు నీ డీజిలు కంపు. ఇద్దరం ముక్కు మూసుకుందాం, పోనీ బండి" అంది. ఇదంతా చుట్ట నోట్లో ఉండగానే. చుట్టని బయటికి తీసి, గంప అంచుకి నొక్కి ఆర్పి, చెవి మీద దోపుకుందంటే మాత్రం ఎదుటి మనిషి వెనక్కి చూసుకునేవాడు, పారిపోవడానికి దారి ఉందా అని. అప్పుడు మొదలయ్యేదే ఆవిడ లెక్కలో మాట్లాడటం. అంతవరకూ అన్నవి ఊరికే గాలికి పోయినవి.

ఆవిడ పేరు నాకు తెలియదు. అందరికీ అప్ప. మావాళ్ళు అక్కని అప్ప అంటారు. ఈవిడ మాత్రం అడుగులు నేర్చుకునే పిల్లకీ, కర్ర పట్టుకున్న ముసలాయనకీ కూడా అప్పే. స్వాతంత్ర్యం వచ్చిన కొన్నేళ్ళకి మొగుడు వేట కోసం దీవులకి వస్తే, మరుసటి ఓడకి తనూ వచ్చింది. పిల్లలు లేరు. మొగుడు తొందరగానే పోయాడు. తర్వాత జీవితమంతా ఇతరుల వలల్లో పడిన చేపలు గంపకెత్తుకుని మిన్నీ బే నుంచి షాదీపూర్ దాకా తిరిగి అమ్మింది. గడుల్లో రాయదగిన చరిత్ర ఇంతే. ఇది మనిషి కాదు.

మనిషి ఎక్కడుందంటే, ఒక ప్రశ్నలో ఉంది. "ఎవుడు సెప్పాడు?"

మా అమ్మ ఏదో మాట్లాడుతూ, మంగళవారం సొరచేప వండకూడదంది.

"ఎవుడు సెప్పాడు?"

"అందరూ అంటారప్పా."

"ఆ అందరిలో ఒక్కడి పేరు సెప్పు. ఎల్లి అడుగుతాను."

బెదిరింపు కాదు, నిజంగానే వెళ్ళేది. వీధి చివర కొళాయి దగ్గర మనవాళ్ళు నీళ్ళు పట్టకూడదని, అది క్వార్టర్ల వాళ్ళదని ఎవరో అన్నారు. అప్ప గంప దింపి, చుట్ట ఆర్పి, క్వార్టర్లలో గడప గడపకీ వెళ్ళి అడిగింది, ఆ మాట ఎవరన్నారని. ఈ ఇంటివాళ్ళు ఆ ఇంటివాళ్ళని చూపించారు, వాళ్ళు ఇంకొకళ్ళని. సాయంత్రానికి తేలిందేమిటంటే ఆ మాట ఎవరూ అనలేదు. మర్నాటి నుంచి మా బిందెలు కొళాయి కింద ఉన్నాయి.

ఇలా రాస్తుంటే దయామయి అనుకుంటారేమో. అస్సలు కాదు. నాకు ఏనాడూ ఒక చేప ఊరికే ఇవ్వలేదు. మా అమ్మ పులుసు రుచి చూసి "వానలో పెట్టి మరిసిపోయావేటి" అంది, అదీ మా మేనమామల ముందు. ఏడ్చే పిల్లలంటే గిట్టదు. విశాఖ నుంచి ఓడ ఆలస్యమై చుట్టలు అయిపోతే ఆ వారమంతా మనుషుల్ని పేర్లతో కాక వాళ్ళ లోపాలతో పిలిచేది. నన్ను "ఓలే నోటిగుంటా" అనేది, నోరెక్కువైన పిల్లా అని, చుట్టలున్నా లేకపోయినా.

నేను పదో తరగతి తెలుగు మీడియంలో పాసయ్యాను. లెక్కల్లో స్కూలు ఫస్టు. అక్కడితో తెలుగు అయిపోయింది. పదకొండులో రెండు దారులున్నాయి. ఆర్ట్సు తీసుకుంటే హిందీలో రాసుకోవచ్చు, దీవుల్లో పెరిగినవాళ్ళం కనుక హిందీ మాకు నోటికి వచ్చినదే. లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ గ్రూపు తీసుకుంటే అంతా ఇంగ్లీషు. సాయంత్రం దాకా ప్రాక్టికల్సు. నెలనెలా పరీక్ష. స్కూల్లో దానంత కఠినమైన చదువు ఇంకొకటి లేదు. మెయిన్‌లాండు కాలేజీల్లో దీవుల పిల్లలకిచ్చే సైన్సు సీట్లకి తలుపు కూడా అదొక్కటే. ఆ గ్రూపు లేకపోతే ఓడెక్కి కాలేజీ గేటు దాకా వెళ్ళొచ్చు, లోపలికి కాదు.

ముందు ఏడాది మా తెలుగు స్కూలు నుంచి ఐదుగురు మగపిల్లలు అందులో చేరి ఐదుగురూ ఫెయిలయ్యారు. మా ఆడపిల్లల్లో ఎవరూ అసలు అడగలేదు. మా నాన్న దీవుల మధ్య తిరిగే బోటు మీద ఖలాసీ. బోటెక్కేముందే "ఆర్ట్సు రాయించు" అని అమ్మకి చెప్పి వెళ్ళాడు. మెట్ల మీద కూచుని పెన్సిలుతో ఆర్ట్సు అని రాసుకున్నాను, తర్వాత సిరా పెట్టొచ్చని.

అప్ప గంప దింపింది.

"ఏటి రాస్తన్నావే?"

"ఫారం. పదకొండుకి."

"లెక్కల సదువేనా?"

"కాదు, ఆర్ట్సు."

"నీకు లెక్కలొచ్చు గదే. మీ మేస్టారు సేపలు కొంటా నాకాడ మురిసిపోనాడు."

"ఆ గ్రూపు కష్టం అప్పా. మావాళ్ళంతా ఆర్ట్సే తీసుకుంటున్నారు. పక్కింటి పిల్ల కూడా."

చుట్ట బయటికి వచ్చింది. గంప అంచుకి ఆనింది. చెవెక్కింది.

తర్వాత ఆవిడ చెప్పినది అర్థం కావాలంటే గురుతుల సంగతి తెలియాలి. నడి సముద్రంలో చేపలుండే చోటుకి రాయి పాతలేం కదా. అంచేత ఒడ్డున రెండు వస్తువులు చూసుకుంటారు, ముందొకటి, దాని వెనక ఇంకొకటి. రెండూ ఒకే వరసలో కనబడితే అదొక గురుతు. ఇంకో పక్కకి తిరిగి అలాగే మరో జత చూసుకుంటారు. అది రెండో గురుతు. రెండు గురుతులూ ఒకేసారి కుదిరిన చోట డుంగీ, అంటే చిన్న పడవ, ఆపి వల దింపుతారు. మా తాతలు ఊళ్ళో గుడి గోపురాన్నీ కొండనీ పెట్టుకుని బతికినవాళ్ళు. దీవులకొచ్చాక చూస్తే ఎటు చూసినా ఒకే రకం అడవి, ఒకే పచ్చదనం.

"ఒచ్చిన ఏడు మనోళ్ళు ఏటి సేసినారో తెలుసా? రేవు బయట పెద్ద ఓడ నిలబడి ఉంది, మరమ్మత్తుకి. దాని నిలువు కొయ్యని కొండ నొక్కుతో కలిపి గురుతెట్టుకున్నారు. నెల్లాళ్ళు డుంగీలు మునిగేలాగ సేప. ఒక పొద్దున్న ఎల్తే ఓడ లేదు. బాగైపోయి ఎల్లిపోనాది. ఏడు డుంగీలు, నీళ్ళ మీద గుండ్రంగా తిరగడమే. నువ్వు కొట్టుకుపోతన్నావంటే నువ్వు కొట్టుకుపోతన్నావని కేకలు. కొండే జరిగిందన్నాడొకడు. ఆడు నా మొగుడే."

అమ్మ లోపల్నుంచి నవ్వింది. అప్ప నవ్వలేదు.

"పక్కింటి గుంటని గురుతెట్టుకుని సదువు రాస్తన్నావు. అది రేపెటో ఎల్లిపోతాది. అప్పుడేటి సూసుకుంటావే?"

"వాళ్ళ నాన్న ఆర్ట్సు అన్నాడప్పా" అంది అమ్మ, గుమ్మంలోకి వచ్చి.

"ఆడేడీ?"

"బోటు మీద."

"అయితే లేడు గదా" అంది అప్ప, గంప ఎత్తుకుంటూ. "రేపు నానొస్తాను."

మర్నాడు స్కూలుకి వచ్చింది, గంపతో సహా. ప్యూను గంప బయట పెట్టమన్నాడు. "పిల్లి తింటే నువ్విస్తావా?" అని గంపతోనే లోపలికి నడిచింది. ప్రిన్సిపాల్ ఉత్తరాది మనిషి, చెడ్డవాడు కాదు. నా మార్కులు చూసి మెచ్చుకుని, మెల్లిగా హిందీలో నాకు నచ్చచెప్పాడు. ఆర్ట్సులో ఫస్టు క్లాసు వస్తుంది, సైన్సులో ఇంగ్లీషు మింగుడుపడదు, ఐదుగురు చేరి ఐదుగురూ ఫెయిలని. నేను తల ఊపుతున్నాను. నిజానికి నాకు ఆయన మాటే సబబుగా తోచింది.

అప్ప హిందీ దీవుల రేవుల్లో నేర్చినది. ఆడా మగా తేడా లేదు దానికి.

"సాబ్, ఓ పాంచ్ గుంటలు ఫెయిల్ హోకే మర్ గయా క్యా?" ఆ ఐదుగురూ ఫెయిలై చచ్చిపోయారా అని.

"నహీఁ, నహీఁ. మరేంగే క్యోఁ?"

"అబ్ కహాఁ హై?" ఇప్పుడెక్కడున్నారంది.

"ఘర్ మే హోంగే." ఇంట్లోనే ఉంటారన్నాడు.

"ఏ గుంట ఆర్ట్స్ మే పాస్ హోకే కహాఁ రహేగా?" ఆర్ట్సు పాసై ఈ పిల్ల ఎక్కడుంటుందని.

ఆయన నా మార్కుల కాగితం వైపు చూశాడు. జవాబు మా ముగ్గురికీ తెలుసు.

"ఘర్ మే," అంది అప్ప. "పాసైనా ఘర్, ఫెయిలైనా ఘర్. తో ఏక్ బార్ ఫెయిల్ హోకే దేఖేగా, సాబ్." ఒకసారి ఫెయిలయ్యే చూస్తుందని.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మొదటి టర్మ్ పరీక్ష దాకా చూస్తానన్నాడు. అందులో తప్పితే ఆర్ట్సుకి మారిపోవాలి. సరేనని నేనే అన్నాను, ఆవిడ అనలేదు. అప్పుడు అది గమనించలేదు.

ఫారం మీద గార్డియన్ సంతకం కావాలన్నాడు గుమస్తా. అప్ప బొటనవేలిని చీర కుచ్చెళ్ళతో తుడిచింది, మళ్ళీ తుడిచింది, వాసన చూసుకుంది, ఇంకోసారి తుడిచింది. ఆవిడ ఏ పనినైనా అంత శుభ్రంగా చెయ్యడం నేను చూడటం అదే. వేలిముద్ర పక్కన గుమస్తా హిందీలో "బువా" అని రాశాడు. మేనత్త అని. రక్తసంబంధం ఏమీ లేదు, ఆయన అడగలేదు, మేము చెప్పలేదు.

ఆ మూడు నెలల గురించి ఎక్కువ రాయను. పాఠం వింటుంటే తెలిసిన మనిషి గొంతు గోడ అవతల నుంచి వినిపిస్తున్నట్టు ఉండేది. లెక్క తెలుసు, లెక్కని ఏమంటున్నారో తెలియదు. టర్మ్ పరీక్షలో ఫిజిక్సు పోయింది, కెమిస్ట్రీ పోయింది, లెక్కలూ పోయాయి. స్కూలు ఫస్టు వచ్చినదానికి లెక్కల్లో పదకొండు మార్కులు. నాన్న తిట్టలేదు, పైగా ఊరడిల్లాడు. మారిపోవడమే మంచిదనుకున్నాం ఇద్దరం. ఆయన సెలవు పెట్టి నాతో స్కూలుకి వచ్చాడు. గుమస్తా ఫైలు తీసి, గ్రూపు మార్చాలంటే చేర్పించిన గార్డియనే ముద్ర వెయ్యాలన్నాడు.

"నేను తండ్రిని," అన్నాడు నాన్న.

"ఇక్కడ మీరు లేరు," అన్నాడు గుమస్తా.

సాయంత్రం మేమిద్దరం మిన్నీ బే వెళ్ళాం. అప్ప గుమ్మం ముందు తాటాకు చాప మీద చేపలు ఉప్పులో దొర్లిస్తోంది.

"వేలు ఇవ్వను," అంది, విషయం సగం వినగానే.

"అప్పా, అది ఫెయిలైంది."

"అయితే?"

"ప్రిన్సిపాలుతో ఒప్పందం అదే కదా."

"ఒప్పుకున్నది నీ కూతురు. నానేటీ ఒప్పుకోలేదు."

నాన్న మొండివాడు. మర్నాడు గుమస్తాని బతిమాలి, ఇంకు పెట్టెతో సహా మిన్నీ బేకి తీసుకొచ్చాడు. వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. అప్ప లేచి నిలబడి రెండు చేతులూ మోచేతుల దాకా చేప రక్తం తొట్టిలో ముంచి, పైకి తీసి, గుమస్తా ముందు చాపింది.

"ఇదిగో బావూ. ఏ వేలు కావాలి?"

గుమస్తా కాగితాన్ని గుండెకి హత్తుకుని మూడడుగులు వెనక్కి వేశాడు. కాసేపు చూసి "రేపు ఆఫీసుకి రండి" అని వెళ్ళిపోయాడు. ఆవిడ రేపు వెళ్ళలేదు, ఎల్లుండీ వెళ్ళలేదు. మార్చుకునే గడువు ఆ శనివారంతో పోయింది. ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, ముద్ర పడలేదు కనుక ఉంటే ఉండు, ఫైనలు తప్పితే మాత్రం స్కూల్లోంచే పంపించేస్తానన్నాడు.

పట్టుదలతో నిలబడ్డానని ఈ సంచికలో రాస్తే అది అబద్ధం. నేను పారిపోవాలనే చూశాను. ఆవిడ దారి మూసేసింది. ఇప్పుడు నాకు దండలు వేసి పట్టుదల గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్ళు ఇది గమనించాలి.

ఆ శనివారం సాయంత్రం ఒక్కదాన్నే వెళ్ళి ఆవిడ మీద విరుచుకుపడ్డాను. నా బతుకు పాడుచేశావన్నాను. నీకు చదువు లేదు, నీకేం తెలుసన్నాను. ఇంకా చాలా అన్నాను, ఆవిడ దగ్గరే నేర్చుకున్న మాటలు. అంతా విని చుట్ట ఆర్పింది.

"నా మొగుడికి ఒక సోటు తెలుసు," అంది. "కోనాం సేప. మనిషంత పొడుగు. ఆడు తప్ప ఇంకోడికి తెలీదు. గురుతులు కొడుక్కి సెప్తారు, పెళ్ళానికి సెప్పరు. కూతురికి అసలే సెప్పరు, ఇంకో ఇంటికి అట్టుకుపోతాదని. ఒకపాలి తాగొచ్చి తమ్ముడితో మాటాడతా ఒకటి నోరు జారినాడు. లైట్‌హౌసు మొదలు నల్లరాయి కొస మీద కూకోవాలని. నాను పొయ్యి కాడున్నాను, ఇన్నాను. రెండోది అనలేదు. తరవాత జొరం ఒచ్చింది. మూడు రోజులు. పోతాడని ఆడికీ తెలుసు, నాకూ తెలుసు. రెండోది సెప్పు మావా అన్నాను. నా ముఖం సూసి, ఆడదానివి, నీకెందుకే అన్నాడు. అట్టుకునే పోనాడు."

పిడికెడు ఉప్పు తీసి చేపల మీద చల్లింది.

"అది నాకు రాదని కాదు. నాకు సెప్పలేదు. రెండూ ఒకటేనేటి?"

చేపల మీద ఇంకో పిడికెడు ఉప్పు చల్లింది.

"నీకు లెక్కలు రావా? తెలుగులో వొచ్చినియ్యి ఇంగిలీసులో ఎటు పోతాయే? ఇప్పటి మేస్టారు నీకు సెప్పడం లేదు, అంతే. సెప్పేదాకా లేచి అడుగు. నవ్వుతారు. నవ్వనీ."

సోమవారం నుంచి లేచి అడిగాను. మా లెక్కల మాష్టారు బెంగాలీ. ఆయన బోర్డు మీద ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి దూకిన ప్రతిసారీ లేచి "ఇది ఎందుకు సర్?" అన్నాను, నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో. క్లాసు నవ్వింది. రెండో వారానికి నవ్వడం విసుగుపుట్టి మానేసింది. ఒకరోజు ఆయన సుద్దముక్క కింద పెట్టి, చాలాసేపు ఆలోచించి, "ఎందుకో రేపు చెప్తాను" అన్నాడు. లెక్కలంటే ఇదే అని ఆ రోజు తెలిసింది. ఎంత పెద్దవాడు చెప్పినా, ఎందుకో చూపించేదాకా నమ్మక్కర్లేదు. మిన్నీ బేలో ఇది నాకు ఎప్పటినుంచో తెలుసు, చుట్ట కంపుతో సహా.

పన్నెండు పాసయ్యాను, అంచు మీద. సీటు వచ్చింది. ఓడెక్కాను.

ఇప్పుడు నేను పనిచేసేది ఆ స్కూల్లోనే. సంఘం కాగితం వచ్చిన మర్నాడు బీరువాలోంచి పాత రిజిస్టరు తీయించాను, ఆవిడ పేరు దొరుకుతుందేమోనని. నా పేరు ఎదురుగా గార్డియన్ గడిలో "బువా" అని ఉంది, పక్కన బొటనవేలి ముద్ర. గీతలన్నీ స్పష్టంగా ఉన్నాయి. అంత బాగా తుడుచుకుంది మరి. పేరు లేదు. సెక్రటరీ గారూ, ఫోటో గడిలో ఆ ముద్ర అచ్చువెయ్యండి. పేరు గడి ఖాళీగా వదలండి. అది నింపని తప్పు ఆవిడది కాదు.

ఏటా ఫలితాలు రాగానే పదకొండు అడ్మిషన్ల బల్ల దగ్గర కూచునేది కూడా నేనే. ఇప్పటికీ తండ్రులు వస్తారు, "దీదీ, ఆడపిల్లకి లెక్కల గ్రూపెందుకు, ఏదైనా తేలికది ఇవ్వండి" అంటూ. కొందరు తల్లులూ అంటారు. తేలికది ఎవరికి తేలికో నేను అడుగుతాను. నా నోటి మీద ఆఫీసులో ఫిర్యాదులున్నాయి. ఉండనీ.

చెప్పాల్సింది ఇంకొకటి మిగిలింది.

బీఎస్సీ మొదటి ఏడాది సెలవులకి ఓడ దిగిన మర్నాడు అప్ప మా ఇంటికి వచ్చింది. ఖాళీ గంప, చెవి మీద చుట్ట. అంటే దారిలోనే ఆర్పేసి వచ్చిందన్నమాట.

"పెద్ద లెక్కలు నేర్సినావంట."

"కొన్ని."

"అయితే ఇది తీయ్. ఒక గురుతు నాకాడుంది. లైట్‌హౌసు మొదలు, నల్లరాయి కొస. రెండోది లెక్క కట్టి సెప్పు."

అప్పుడు అర్థమైంది, ఆవిడ ఇన్నేళ్ళూ దేనికోసం చూస్తోందో.  బొగ్గుముక్క తీసి వరండా గచ్చు మీద గీశాను. ఇదిగో లైట్‌హౌసు, ఇదిగో నల్లరాయి. రెంటినీ కలుపుతూ సముద్రంలోకి ఒక గీత.

"నీ మావ డుంగీ ఆపిన చోటు ఈ గీత మీద ఎక్కడో ఉంది."

"ఎక్కడ?"

"ఎక్కడైనా ఉండొచ్చు. ఇక్కడున్నా రెండూ వరసలో కనబడతాయి. అక్కడున్నా కనబడతాయి."

"గీత ఎందాకా పోతాది?"

"సముద్రం ఉన్నంత దూరం."

"దానికి లెక్క లేదేటి?"

"ఇదే లెక్క అప్పా. ఒక్క గురుతుతో చోటు దొరకదు. నాకే కాదు, మా కాలేజీలో ఎవరికీ దొరకదు. ఎప్పటికీ."

"ఎవుడు సెప్పాడు?"

"ఎవరూ చెప్పలేదు. నువ్వే చూడు."

గచ్చు మీదకి వంగింది. బొటనవేలిని గీత మీద పెట్టి నెమ్మదిగా జరుపుకుంటూ పోయింది. ఒకచోట ఆగి లైట్‌హౌసు వైపు చూసింది, రాయి వైపు చూసింది. ఇంకాస్త జరిగి మళ్ళీ చూసింది. గీత అయిపోయి గోడ తగిలేదాకా జరిపింది. వేలు నల్లబడింది.

"దొరకదు," అంది.

"దొరకదు."

"మరి నా మరిది?"

మరిది సంగతి అందరికీ తెలిసిందే. అన్న పోయిన నెలకే ఆయన డుంగీ తీసుకెళ్ళాడు. ఒక గురుతు తెలుసు కదా, రెండోది ఈ ఏడు వెతికి పెడతాను వదినా, అప్పుడు చోటు నీదే అన్నాడు. మళ్ళీ ఏడాదీ అదే మాట. ఇరవై ఏళ్ళకి పైగా అదే మాట, డుంగీ మాత్రం ఆయన వేటలో తిరుగుతోంది.

నాకు భయం వేసింది, ఆవిడ ఏడుస్తుందేమోనని. ఏడ్చే పిల్లలంటే గిట్టని మనిషి ఏడిస్తే ఏం చెయ్యాలో నాకు తెలియదు. ఏడవలేదు. గచ్చు మీది గీతని చాలాసేపు చూసి నవ్వింది. పొట్ట పట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది.

"ఓలే నోటిగుంటా," అంది, "ఇన్నేళ్ళకి నిజం సెప్పినది నువ్వొక్కదానివే."

మర్నాడు పొద్దున్న మరిది ఇంటికి వెళ్ళింది. అక్కడేం జరిగిందో చూసినవాళ్ళు రకరకాలుగా చెప్పారు కాని, నలుగురు మనుషులు డుంగీని మోసుకొచ్చి ఆవిడ గుమ్మం ముందు దింపడం నేను కళ్ళారా చూశాను. మొగుడు పోయాక మొదటిసారి దానికి తారు పూయించింది. సముద్రంలోకి మాత్రం పంపలేదు. రోజూ పొద్దున్న అందులో అడ్డపలక మీద కూచుని, ముందు గంప పెట్టుకుని, చేపలమ్మడం మొదలుపెట్టింది. పోయేదాకా అక్కడే అమ్మింది.

మొదటి రోజు కులపెద్ద వచ్చాడు. డుంగీ చుట్టూ ఒకసారి తిరిగి, గొంతు సవరించుకున్నాడు.

"అప్పా, ఆడది డుంగీ ఎక్కకూడదు. ఎక్కితే సేప పడదు."

అప్ప గంపలో చేపల్ని సర్దింది. చుట్ట బయటికి తీసింది. డుంగీ అంచుకి నొక్కి ఆర్పింది.

"ఎవుడు సెప్పాడు?"